ఫోనులో ధర చూస్తే చాలదు, బండి మన చేతిలో ఉండాలి

ఫోనులో ఒక ధర చూసుకుని యార్డుకు పోతే, కాటా దగ్గర ఇంకో ధర పలకడం మన రైతులకు కొత్త కాదు. మరి ఈ ఫోను వల్ల సన్నకారు రైతుకు లాభమా, కాదా? విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఊళ్లు తిరిగి లెక్కలు తీశారు. అవి రైతు సోదరులు తెలుసుకోదగ్గవి.

మొదటిది ఉత్తర కేరళ జాలర్లది. 1997 జనవరి 14న వడకర రేవులో కొనే నాథుడు లేక 11 పడవల వాళ్లు తెచ్చిన కవళ్లను పారబోసే స్థితి వచ్చింది. అదే పూట 15 కిలోమీటర్ల లోపు రేవుల్లో 27 మంది వ్యాపారులకు చేప దొరకలేదు. ఆ ఏడాది నుంచి 2001 లోపు ఆ తీరమంతా సెల్‌ఫోన్లు వచ్చాయి. జాలర్లు నీళ్లమీద నుంచే రేవులకు ఫోను చేసి, ధర ఉన్నచోటికి పడవ తిప్పారు. రాబర్ట్ జెన్సెన్ అనే అమెరికా ఆర్థికవేత్త 2007లో ప్రచురించిన లెక్క ప్రకారం జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది. తినేవాళ్లకు చేప ధర 4 శాతం తగ్గింది. పారబోత దాదాపు ఆగిపోయింది.

రెండోది మహారాష్ట్రది. 100 గ్రామాల్లో పరీక్ష పెట్టి, కొందరు రైతులకు మార్కెట్ ధరలు, వాన కబుర్లు ఏడాదిపాటు ఉచితంగా ఫోనుకు పంపారు. ఫాఫ్‌షాంప్, మింటెన్ అనే పరిశోధకులు 2012లో ఫలితం చెప్పారు. కబుర్లు అందినవాళ్లకూ అందనివాళ్లకూ దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఫోను అదే. ఫలితం ఎందుకు వేరైంది? నాకు తోచింది ఇదీ. ఆ జాలరి పడవ ఏ రేవుకైనా తిరుగుతుంది. మన బండి తిరగదు. విత్తనాలకు, ఎరువులకు అప్పిచ్చిన కమీషన్ వ్యాపారి దగ్గరికే సరుకు పోవాలి. పది బస్తాల కోసం దూరపు యార్డుకు పోతే కిరాయే గిట్టదు. ఆగుదామంటే దాచే చోటు లేదు. ధర తెలిసి కూడా ఏం లాభం?

మధ్యప్రదేశ్‌లో ఐటీసీ కంపెనీ 2000 నుంచి ఊళ్లలో కంప్యూటర్లు పెట్టి సోయా ధరలు చెప్పింది, తానే నేరుగా కొన్నది కూడా. మండీల్లో ధర సగటున 1 నుంచి 3 శాతం పెరిగిందని అపరాజితా గోయల్ 2010లో తేల్చారు. అక్కడ కబురొక్కటే రాలేదు, పోటీకి కొనేవాడూ వచ్చాడు.

కాబట్టి ఫోను వద్దనడం లేదు. అమ్మేముందు రెండు మూడు యార్డుల ధరలు అడగండి. ఊళ్లో పదిమంది కలిసి ఒకే లారీకి సరుకెత్తితే కిరాయి తగ్గుతుంది. ప్రభుత్వాలకూ ఒక మాట. కొత్త యాప్ తెచ్చే ముందు కౌలు రైతుకు బ్యాంకు అప్పు, ఊరికి దగ్గర్లో గోదాము, అందులో పెట్టిన సరుకుపై రుణం చూడండి. ఎక్కడ అమ్మాలో రైతు ఇష్టమైన రోజునే ఫోనులోని ధర అతని జేబులోకి వస్తుంది.