పండుగ పిండివంటలు, పంచుకొను పద్ధతి

క్రిస్మసునకును సంక్రాంతికిని నడుమ నిండుగ మూడు వారములైనను లేవు. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములలో ఆ దినములందు ఏ వీధిని నడచినను బెల్లపుపాకము వాసన తగులక మానదు. క్రైస్తవ గృహములలో డిసెంబరున వండిన అరిసెలు పొరుగిండ్లకు పోవును. జనవరిలో పొరుగువారి అరిసెలు వీరి యిండ్లకు వచ్చును. పండుగ వేఱైనను వంట యొక్కటియే. వరికోతలు ముగిసి క్రొత్తబియ్యము ఇల్లు చేరుటయు, చెఱకు గానుగలాడి క్రొత్తబెల్లము సంతకు వచ్చుటయు ఈ కాలముననే కావున ఇందులో వింత యేమియు లేదు. ఈ ఇచ్చిపుచ్చుకొనుటను గూర్చి మాకు తోచిన మాటలు కొన్ని విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవింపదలచితిమి.

ఇటీవల పళ్లెమునకు బదులు అంగడిపెట్టె పోవుట హెచ్చుచున్నది. మేము అంగడిని నిందించువారము కాము. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డును, 2023లో అదే గుర్తింపు పొందిన ఆత్రేయపురము పూతరేకులును అమ్మకమునకు చేసినవే. కాగితముకంటె పలుచని ఆ రేకులను బోర్లించిన కుండపై తీయు స్త్రీల నేర్పు వారి కుటుంబములను పోషించుచున్నది. కొనదలచినవారు అట్టివి కొనుట మంచిదే. మా అభ్యంతరము వేఱొకటి.

పళ్లెమును ఉత్తదిగా తిరిగి పంపరాదను మర్యాద మనలో ఉన్నది. పది అరిసెలు వచ్చిన పళ్లెములో ఒక యింటివారు తాము చేసిన కజ్జికాయలు పెట్టి పంపుదురు. వేఱొక యింటివారు పెరటి చిక్కుడుకాయలు గుప్పెడు వేసి పంపుదురు. ఏమియు లేనివారు చిటికెడు పంచదార వేసి పంపుదురు. ఎవరును లెక్క చూడరు. అంగడిపెట్టె అట్టిది కాదు. దానిమీద ధర అచ్చువేసి యుండును; అది తిరిగి పోవునది కాదు; దానికి బదులు అంతటి పెట్టెయే కొనవలెను. కొనలేని యింటి పిల్లవాడు, ఎదురింటివారు పెట్టె పట్టుకొని వచ్చుట చూచి, తలుపు చాటునకు పోవును. ఇచ్చినవారికి ఆ తలంపు ఉండకపోవచ్చును. పుచ్చుకొన్నవారికి మాత్రము పండుగ బరువగును.

ఆడంబరము అంగడివలననే పుట్టినదనుటయు న్యాయము కాదు. ఆడపిల్లను పంపునపుడు సారె కావిళ్లలో ఎన్ని లడ్డులు, ఎన్ని అరిసెలు వచ్చినవో వీధియెల్ల లెక్కించుట పూర్వమునుండి ఉన్నదే. 2022 సంక్రాంతికి నరసాపురమున కాబోవు అల్లునికి 365 రకముల వంటకములు వడ్డించిరని పత్రికలలో చదివితిమి. ఆ యింటివారి ప్రేమను మేము శంకింపము. ఒక్కొక్కటి గోరంత రుచి చూచినను ఆ అల్లుడు భోజనము ముగించి లేచునప్పటికి ఎంత ప్రొద్దెక్కెనో అని మాత్రము ఆలోచించితిమి! ఇంట చేసినదైనను లెక్కకొఱకు చేసిన యెడల అంగడిపెట్టెకు అది తీసిపోదు.

ఇక పని సంగతి. “ఇంట చేయుడు” అని చెప్పుట తేలిక. అరిసె యెట్లగునో చూచినవారు అంత తేలికగా చెప్పరు. బియ్యమును ఒక పగలు ఒక రాత్రి నానవేసి, నీరు వార్చి, గుడ్డపై పఱచి, తడి పూర్తిగ ఆఱకమునుపే పిండి కొట్టవలెను, లేదా మరపట్టింపవలెను. జల్లించిన పిండిని తడి పోకుండ అదిమి మూతపెట్టవలెను. కిలో బియ్యమునకు ముప్పాతిక కిలో బెల్లము మా ప్రాంతపు లెక్క. పాకము కాగుచుండగా చల్లని నీటిలో చుక్క వేసి వ్రేళ్లతో కూర్చిన మెత్తని ఉండ కావలెను. విజ్ఞానశాస్త్రము చదువు విద్యార్థులు ఉష్ణమాపకము పెట్టి చూచినచో అది సుమారు 115 సెంటీగ్రేడు డిగ్రీలుగా కనబడును. మన అవ్వలకు ఆ ఉష్ణమాపకము వ్రేళ్లలోనే ఉండెడిది. లేతపాకమున దింపిన అరిసె నూనెలో విచ్చిపోవును. ముదురనిచ్చినది పండ్లకు పరీక్ష పెట్టును. పాకము దింపినతోడనే ఒకరు పిండి పోయుచుండగా వేఱొకరు ఆగక తెడ్డుతో కలుపవలెను. ఒకరు నువ్వులద్ది ఆకుపై తట్టవలెను, ఒకరు వేచవలెను, ఒకరు అరిసెల చెక్కల నడుమ నొక్కి నూనె తీయవలెను.

కావున ఇది ఒంటిచేతి పని కాదు. పూర్వము ఇరుగుపొరుగు స్త్రీలు కూడి, నేడు ఈ యింట, ఱేపు ఆ యింట చేసికొనెడివారు. నేడు అనేక గృహములలో తల్లి యుద్యోగమునుండి వచ్చి, రాత్రి తొమ్మిది గంటలకు ఒంటరిగా మూకుడు పెట్టుచున్నది. తక్కినవారు ఇంకను కాలేదాయని అడుగుచున్నారు. ఇంట చేసిన వంటను మెచ్చుకొనుచు ఆ చాకిరిని ఒక్కరిమీదనే వేయుటకంటె అంగడిపెట్టె తెచ్చుటయే దయగల పని యని మేము నిస్సంశయముగా చెప్పుదుము. పాకములో తెడ్డు త్రిప్పుటకు భుజబలము కావలెను. మైదానమున కబడ్డీ ఆడి గర్వించు మన బాలురకు అది లేకపోలేదు. చెక్కలు నొక్కుటకు తండ్రులు చాలుదురు. అందఱును కూర్చుండు తీరిక లేనియెడల కిలోబియ్యము మాని అరకిలో పోయుడు. లేదా నువ్వులును బెల్లమును కలిపి దంచి చిమ్మిలి చేయుడు. దానికి నూనె అక్కఱలేదు, పాకము అక్కఱలేదు, ఎనిమిదేండ్ల పిల్లయు ఉండలు చుట్టగలదు.

నిలువ విషయమున ఇంటివారు భయపడ నక్కఱలేదు. బెల్లము నీటిని పట్టియుంచుటచేతను, వేపుడున మిగిలిన తడి చాలవఱకు పోవుటచేతను, అరిసెలు తడి తగులని డబ్బాలో రెండు వారములు సులభముగా నిలుచును. కోవా మిఠాయిలు అట్లు నిలువవు. విడిగా అమ్ము మిఠాయిలు ఏ తేదీలోపల తినవలెనో అంగడివారు కనబఱుపవలెనని ఆహార భద్రతా సంస్థవారు 2020 అక్టోబరు 1 నుండి నియమము చేసిరి; కొనువారు ఆ తేదీ చూచి కొనుడు. బెల్లము కొనునపుడు మిక్కిలి తెల్లనిదానికి ఆశపడకుడు. ఆ తెలుపు తఱచుగా రసమును కాచునపుడు వేసిన హైడ్రోసు అను మందువలన వచ్చినది. నల్లబెల్లము అరిసెకు రంగును రుచిని ఇచ్చును.

మాకు ముఖ్యమైన మాట మా బోర్డింగు పిల్లలను గూర్చినది. సంక్రాంతి సెలవులు ముగిసి వారు తిరిగివచ్చునపుడు కొందఱి పెట్టెలలో సున్నుండలు, అరిసెలు, జంతికలు వేఱువేఱు డబ్బాలలో ఉండును. కొందఱి పెట్టెలలో బట్టలు మాత్రమే ఉండును. మొదటివారము రాత్రులందు మంచము క్రింద డబ్బా మూత తీసిన చప్పుడు ఆ గదిలో నిద్రపోనివారందఱకును వినబడును. దాచినవాడు దుష్టుడు కాడు. అది అతని తల్లి పంపినది. వినుచు పండుకొన్నవాని సంగతియే మాకు మనసున మెదలుచున్నది.

కావున మా సూచన ఇది. సెలవుల తరువాతి మొదటి శనివారము సాయంకాలము భోజనశాలలో పొడవుబల్లమీద శుభ్రమైన గుడ్డ పఱచి, తెచ్చినవారు తమకు కావలసినన్ని ఉంచుకొని, మిగిలినవి ఎవరు తెచ్చినది తెలియకుండ వంటవారి చేతికి మధ్యాహ్నమే ఇచ్చివేయవలెను. వారు వానిని పళ్లెములలో కలిపి పెట్టుదురు. పేర్లు వ్రాయరాదు, ఎవరిని బలవంతపెట్టరాదు. ఏమియు తేనివారు ఆ మధ్యాహ్నము వంటయింట బెల్లపుపాకము పట్టి మరమరాల ఉండలు చుట్టి అదే బల్లమీద పెట్టవచ్చును. మరమరాలకును బెల్లమునకును అగు వ్యయము స్వల్పమే కావున బోర్డింగువారు భరింపవలెనని కోరుచున్నాము. ముందుగా ఖాళీయగు పళ్లెము ఆ ఉండలదే యని మా యంచనా.