తప్పు చెవులది కాదు

మా బాపుకు వినికిడి తగ్గిందని ఇంటిల్లిపాదీ తీర్మానించి రెండేళ్ళయింది. ఆ తీర్మానం చేసినవారిలో నేనే మొదటివాణ్ణి. కనుక అది ఎంత తప్పో చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

పెద్దపల్లిలో మా ఇంటి అరుగు మీద సాయంత్రం కాగానే రేడియో మోగవలసిందే. 1935లో దక్కన్ రేడియోగా పుట్టి, 1950లో ఆకాశవాణిలో కలిసిన హైదరాబాదు కేంద్రమంటే బాపుకు ఇంటి మనిషితో సమానం. ఇరుగుపొరుగులకు ఇబ్బంది కలగరాదని సెట్టును దగ్గర పెట్టుకొని, చిన్న గొంతుతో వినడం ఆయన అలవాటు. అటువంటి మనిషి కొంతకాలంగా వాల్యూమ్ పెంచి వినసాగారు. తగ్గిస్తే వినబడడం లేదన్నారు. పెంచితే బాగానే వినబడుతున్నదన్నారు. ఇక సందేహమేముంది? వయసు మీద పడింది, చెవులు మందగించాయి అనుకున్నాము. "నా చెవులకేం గాలేదురా, రేడియోకే ఏదో అయింది" అని ఆయన అన్నప్పుడల్లా నవ్వి ఊరుకున్నాము. వినికిడి యంత్రం కొనడానికి నేను డబ్బు కూడా పక్కన పెట్టాను.

ఒకనాడు ఆయన ఇంట లేనప్పుడు నేనే రేడియో పెట్టాను. చిన్న గొంతు దగ్గర గరగరమని, మాట పూర్తిగా మాయమైంది. ఇంకొంచెం తిప్పగానే స్పష్టంగా పలికింది. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు.

బస్టాండు దగ్గరి ఒక దుకాణానికి తీసుకొనిపోతే, అతను మూత విప్పకుండానే "దీని సామాన్లు దొరకయి సార్, కొత్తది తీస్కోండ్రి" అన్నాడు. మేము బాపు చెవులకు చెప్పిన తీర్పు వంటిదే అతను రేడియోకు చెప్పాడు. ఇద్దరమూ చూడకుండానే చెప్పాము.

వాల్యూమ్ గుండీ వెనుక ఉండే భాగం పేరు పొటెన్షియోమీటరు. మన మెకానిక్కులు వాల్యూమ్ కంట్రోల్ అనే అంటారు. లోపల గుర్రపునాడా ఆకారంలో కార్బన్ పట్టీ ఒకటి, గుండీ తిప్పినప్పుడు దాని మీద జరిగే లోహపు నాలుక ఒకటి ఉంటాయి. బయటికి మూడు కాళ్ళు కనబడతాయి. అటూ ఇటూ ఉన్నవి పట్టీ రెండు కొసలు, నడిమిది నాలుక. స్విచ్చు కూడా కలిసి ఉంటే మరో రెండు కాళ్ళుంటాయి.

గరగర వినబడగానే పట్టీ అరిగిందనుకోవడం కూడా తొందరపాటే. దుమ్ము చేరినా అదే చప్పుడు వస్తుంది. అందుకే మొదట బ్యాటరీలు తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, గుండీని ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పాను. నాలుగు రోజులు బాగుంది, అయిదో రోజు మళ్ళీ మొదలు. దాంతో అనుమానం అరుగుదల మీదికి మళ్ళింది.

చుట్టూ ఉన్న ఇతర భాగాలు కొలతను తప్పుదారి పట్టిస్తాయి కనుక, లెడ్డు కరిగించి కంట్రోలును బయటికి తీశాను. దాని మీద 10 కె అని ఉన్నది. ముల్లు మీటరుతో రెండు కొసల మధ్య కొలిస్తే సుమారు 10 కిలో ఓములే చూపింది. అక్కడితో ఆగి ఉంటే "బాగానే ఉంది" అని మళ్ళీ బాపు చెవులనే నిందించేవాణ్ణి. నడిమి కాలికీ ఒక కొసకూ మీటరు తగిలించి, గుండీని మెల్లగా తిప్పాను. ముల్లు నిలకడగా కదలవలసినది. మొదటి మూడో వంతులో మాత్రం ఎగిరెగిరి పడింది, ఒకచోట అనంతానికి పోయింది. ఆ పైన సాఫీగా నడిచింది.

బాపు రోజూ స్విచ్చు వేసి తిప్పి ఆపే మేర అదే! ఏళ్ళ తరబడి నాలుక తిరిగినది ఆ కాస్త దారిలోనే. ఆయన ఎన్నడూ పోని పెద్ద గొంతు వైపు పట్టీ కొత్తదానివలె ఉన్నది. అందుకే పెంచితే వినబడేది. మేము చెవుడుకు సాక్ష్యమనుకొన్నది నిజానికి ఆయన మర్యాదకు సాక్ష్యం.

కొత్తది ఇరవై రూపాయలకు దొరికింది. విలువ ఒకటే అయితే చాలదు. వాల్యూమ్‌కు లాగ్ రకం వేయాలి. ఆసియా తయారీలలో దీనికి సాధారణంగా 'ఎ' గుర్తు, లీనియర్‌కు 'బి' గుర్తు ఉంటాయి. లీనియర్ వేస్తే గుండీ కొంచెం కదిలించగానే గొంతు ఒక్కసారిగా పెరిగి, తరువాత పెద్ద మార్పు తెలియదు. కొత్తది వేసినా గరగర పోకపోతే, ముందున్న కెపాసిటరు గుండా డీసీ కారుతున్నదేమో చూడాలి.

మరమ్మతు హక్కు గురించి ఇప్పుడు ప్రభుత్వాలూ మాట్లాడుతున్నాయి. ఫ్రాన్సు 2021 జనవరి నుండి కొన్ని వస్తువులకు మరమ్మతు సౌలభ్యాన్ని బట్టి పదికి మార్కులు వేయించింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో సంఘం వేసి, డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. మంచిదే. విడిభాగాలు, సర్క్యూటు పటాలు మనకు దొరకాలి.

కానీ హక్కుతో పాటు ఒక బాధ్యత కూడా ఉన్నదని నా అభిప్రాయం. ఆ దుకాణదారుణ్ణి నేను తప్పుపట్టలేను. ఇరవై రూపాయల సామానుకు గంటసేపు వెతికితే, ఆ గంటకు మనం ఏమిస్తున్నాము? "చూసినందుకు కూడా డబ్బులా?" అని బేరమాడతాము. వైద్యునికి మందుకు వేరుగా, పరీక్షకు వేరుగా ఇస్తున్నాము కదా! బాగుచేసే చేతికి కూడా చూపు ఖరీదు వేరుగా ఇవ్వాలి. లేకుంటే మూత విప్పకుండా తీర్పు చెప్పేవారే మిగులుతారు.

బాపుకు చెవుల పరీక్ష కూడా చేయించాను. ఆ వయసుకు సహజమైన లోటు తప్ప మరేమీ లేదన్నారు. ఇంటికి వచ్చి, రేడియో పెట్టి, ఆయన గుండీని పాతచోటనే ఆపారు. వార్తలు చిన్నగా, స్పష్టంగా వినబడ్డాయి.

"చెప్పిననా లేదా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.