నీలం చొక్కా వద్దు, పౌడర్ డబ్బా మరవొద్దు



టాంజానియా వేట సఫారీకి ఏమేం సర్దుకోవాలో చెప్పిన మీ వ్యాసం తుపాకులు, బైనాక్యులర్ల దగ్గరే ఆగిపోయింది. అక్కడ అక్కరకొచ్చేవి ఇంట్లో ఉండే వస్తువులే. ముఖ్యంగా టాల్కం పౌడర్. డబ్బాను కాస్త నొక్కితే చాలు, తెల్లటి పొడి ఎటు తేలిపోతే గాలి అటే. ఆ వైపు అడవిదున్న ఉంటే మన వాసన పసిగట్టి మాయమవుతుంది. జాడ పట్టే ట్రాకర్లు ఇదే పనికి గుడ్డమూటలో బూడిద కట్టి విదిలిస్తారు. బూటు కుట్టు ఊడితే డెంటల్ ఫ్లాస్, లావుపాటి సూది ఉంటే సరి. నీలం, నలుపు బట్టలు మాత్రం వద్దే వద్దు, సెట్సీ ఈగలు వాటికే మూగుతాయి.

ప్లాస్టిక్ సంచుల్లో సర్దుకోమన్న సలహాను దయచేసి సవరించండి. టాంజానియా 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులను నిషేధించింది. గుడ్డసంచులు తీసుకెళ్లమని రాయండి.

— ఒక పాఠకుడు, దారుస్సలాం