వాడని బ్యాటరీకి వసతి

సాల్ట్ లేక్ నివాస సముదాయాలలోని మన తెలుగు కుటుంబాలవారు సంక్రాంతికో, వేసవి సెలవులకో ఊరికి బయలుదేరే ముందు గ్యాస్ సిలిండరు కట్టివేస్తారు, కుళాయిలు సరిచూస్తారు, ఇన్వర్టరు బ్యాటరీలో నీరు పోస్తారు. పిల్లవాని డ్రోన్ బ్యాటరీని మాత్రం, తిరిగి వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందని, నిండుగా ఛార్జి చేసి అలమరలో పెడతారు. ఈ నెల మేము ఆ చివరి పనిని గురించే ముచ్చటించదలచాము.

ఈ అలవాటు మనకు సీసపు బ్యాటరీ నుండి సంక్రమించింది. సీసపు బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచాలనీ, ఖాళీగా వదిలితే పలకలపై సల్ఫేటు గట్టిపడుతుందనీ మా తరం ఇంజనీర్లు ఉద్యోగంలో చేరిన తొలి రోజులలోనే నేర్చుకున్నారు. లిథియం పాలిమర్ ఘటం స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. నిండినప్పుడు ఒక్కొక్క ఘటం 4.2 వోల్టులు చూపుతుంది. ఆ స్థితిలో, ముఖ్యంగా వేడిమిలో, లోపలి విద్యుద్విశ్లేష్యం నెమ్మదిగా విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. స్థూపాకారపు ఘటాలకు లోహపు డబ్బా ఉంటుంది. దీనికి ఉన్నది పలుచని అల్యూమినియం పొర సంచి మాత్రమే. అందువల్లనే అది పూరీలా పొంగుతుంది.

అలాగని పూర్తిగా ఖాళీ చేసి ఉంచడమూ తగదు. ఘటం వోల్టేజి 3కు దిగువన చాలా లోతుకు జారితే ఋణధ్రువపు రాగి రేకు కరగనారంభిస్తుంది. తిరిగి ఛార్జి చేసినప్పుడు ఆ రాగి లోపలే పేరుకొని షార్ట్ సర్క్యూట్‌కు దారి తీయవచ్చును. కనుక నిలువకు అనువైనది ఘటానికి సుమారు 3.8 వోల్టులు, అనగా దాదాపు సగం. మూడు ఘటాల ప్యాక్‌కు 11.4. మంచి ఛార్జర్లలో ఇందుకోసం 'స్టోరేజ్' అనే ఏర్పాటు ఉంటుంది. రెండు మూడు నెలలకొకసారి మల్టీమీటరుతో చూస్తే చాలు. మూలన పడిన పాత సెల్‌ఫోనుకూ ఇదే సూత్రం: సగం ఛార్జితో, స్విచ్ ఆపి ఉంచాలి.

ఇక చోటు. 1960లలో హుగ్లీ పూడికమట్టితో ఉప్పు చిత్తడినేలను పూడ్చి కట్టిన ఈ నగరంలో చల్లని, పొడి మూల దొరకడం కష్టమే. పడమటి ఎండ తగిలే బాల్కనీ, పైకప్పు కింది అటక పనికిరావు. ఫ్రిజ్ చల్లనిదే గాని, బయటికి తీయగానే ఇక్కడి తేమకు చెమ్మ పట్టడం ఖాయం. ఇంటి లోపలి గదిలో, పరదాలకూ కాగితాలకూ దూరంగా, నేలపై ఉంచిన మట్టికుండ మా దృష్టిలో మేలైన వసతి. మూత వదులుగా ఉండాలి; గట్టిగా బిగిస్తే పుట్టిన వాయువుకు దారి ఉండదు. కనెక్టరు కొసలకు టేపు చుట్టాలి. తాళంచెవులతో, చిల్లర నాణేలతో కలిపి వేయరాదు.

మెట్ల కింద మాత్రం వద్దు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక హోటల్ భవనం కింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల షోరూములో మంటలు చెలరేగగా, పొగ పై అంతస్తులకు వ్యాపించి 8 మంది మరణించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో విజయవాడలోనూ, నిజామాబాదు జిల్లాలోనూ ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు ప్రాణాలు కోల్పోయారు. అవి మన డ్రోన్ బ్యాటరీకంటే ఎన్నో రెట్లు పెద్దవి, కాని జాతి ఒక్కటే. రాత్రంతా ఛార్జరుకు తగిలించి నిద్రపోవడం ఎంతటి ఇంజనీరు ఇంటనైనా మేము సమర్థించలేము.

ఉబ్బిన బ్యాటరీని గుచ్చి గాలి తీయాలనే ఉబలాటం కొందరికి ఉంటుంది. ఆ పని ఎన్నడూ చేయరాదు, తిరిగి ఛార్జి చేయనూ రాదు. చెత్తబుట్టలో వేస్తే ప్రమాదం పారిశుద్ధ్య కార్మికునికి బదిలీ అవుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత ఉత్పత్తిదారులది; వారి సేకరణ కేంద్రానికి చేర్చాలి. మంట అంటుకుంటే ఆ పొగ విషపూరితం. ముందు అందరూ బయటికి రావాలి, తరువాత 101కు ఫోను చేయాలి.

దమ్ దమ్ నుండి విమానంలో వెళ్ళేవారు విడి బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో వేయరాదు. కొసలకు టేపు చుట్టి చేతిసంచిలోనే తీసుకొని వెళ్ళాలి. 100 వాట్-అవర్ల లోపు వాటికి సాధారణంగా ప్రత్యేక అనుమతి అక్కరలేదు. 11.1 వోల్టుల, 2200 మిల్లీఆంపియర్-అవర్ల బ్యాటరీకి లెక్క వేస్తే అది 25కు లోపే తేలుతుంది.