గుండెకు కాపలా కాసే సూది కూలీకి దక్కదా?

గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేపిన చేతులు పాలమూరు కరువు పల్లెలవి, ఒడిషా, బీహారు కూలీలవి. పగలంతా సిమెంటు దుమ్ము మింగి, రాత్రికి ఒక్క రేకుల షెడ్డులో పదిమంది పడుకుంటారు. ఒకరికి ఫ్లూ జ్వరం తగిలితే షెడ్డంతా దగ్గుతుంది. "జ్వరమే గదా, గోలీ ఏసుకుంటె పోతది" అంటాడు మేస్త్రీ. కూలి పోతుందని మనవాళ్లూ మర్నాడే తట్ట ఎత్తుతారు.

కాని ఈ జ్వరం ఊపిరితిత్తులతో ఆగదు. ఒంట్లో వాపు రేగితే గుండె రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు ముద్ద పగిలి, దానిమీద నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. కెనడాలోని ఒంటారియోలో జరిగి, 2018లో వెలువడిన పరిశోధన ఏం తేల్చింది? ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే ఆరు రెట్లు. 2021లో వెలువడిన మరో పరిశోధనలో, ప్రధానంగా గుండెపోటు వచ్చిన 2,500 పైచిలుకు రోగుల్లో సగం మందికి ఫ్లూ టీకా, సగం మందికి మందులేని సూది వేశారు. బంగ్లాదేశ్ రోగులూ అందులో ఉన్నారు. ఏడాదిలో మందులేని సూది పడినవారిలో నూటికి దాదాపు ఐదుగురు చనిపోతే, టీకా పడినవారిలో ముగ్గురు. బీపీ మాత్ర, బీడీ మానడం అవసరం లేదని దీని అర్థం కాదు. వాటి పక్కన టీకా కూడా నిలవాలని 2025లో ఐరోపా గుండె వైద్యుల సంఘమే చెప్పింది.

మరి మన సర్కారు? పసిపిల్లలకు న్యుమోనియా టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితం, మంచిదే. పెద్దలకు ఫ్లూ టీకా మాత్రం కేంద్రం ఉచిత టీకాల పట్టికలో లేదు. ప్రయివేటులో వేయించుకుంటే రోజు కూలి హరించుకుపోతుంది. టీకాలు చేసే కంపెనీలకు పేరుపడ్డ హైదరాబాదులో ఇదీ పరిస్థితి! చేతకాదంటే మేము నమ్మం. 2021 జూన్ 21 నుంచి 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ కరోనా టీకా ఉచితమని ప్రకటించింది ఈ పాలకులే.

డబ్బెక్కడిదంటారా? 1996 చట్టంతో వచ్చిన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు ఉంది: కట్టడం ఖర్చులో కనీసం ఒక శాతం. అది బిల్డరు దానం కాదు, కూలీ చెమట. ఫ్లూ వైరస్ రూపు మారుస్తుంది కనుక టీకా ఏటేటా పడాలి. వానాకాలానికి ముందే, షెడ్డు దగ్గరికే నర్సును పంపి వేయించాలి. నాట్లకు ఊరికి పోయిన కూలీకి అక్కడి ఆరోగ్య కేంద్రంలోనూ దొరకాలి. ఆధార్ ఏ ఊరిదని అడిగి తిప్పిపంపితే ఊరుకోరాదు. బీపీ, షుగరు ఉన్నవారు, స్టెంటు పడినవారు, వయసు మళ్లినవారు ముందు వరుస. వారి పేర్లు సంఘం కార్యకర్తలు షెడ్డు షెడ్డూ తిరిగి ఇప్పటినుంచే రాసిపెట్టుకోవాలి.