పొడిగింపుకి కారణం రాయాలి

ఒంగోలు నుంచి మా అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, వాడు ఇంకో ఏడాది అక్కడే ఉంటానంటున్నాడు. నువ్వైనా చెప్పు" అంది. వాడంటే నా మేనల్లుడు. బీకాం చదివి, చేస్తున్న ఉద్యోగం మానేసి, ఒక ఆశ్రమం తరఫున తూర్పు ఆఫ్రికాలో ఉచిత బడిలో లెక్కలు చెప్పడానికి వెళ్ళాడు. ఏడాది ఒప్పందం. జీతం లేదు, తిండీ బసా వాళ్ళవే. వచ్చే నెలాఖరుకి గడువు తీరుతుంది. "ఉండమని లోపల్నుంచి ఏదో చెబుతోంది మామయ్యా" అని నాకు రాశాడు.

నేను నాస్తికుణ్ణి కాబట్టి "వెంటనే వచ్చెయ్" అంటానని అక్క ఆశ. నేను అలా అనలేదు. డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్ఫై ఏళ్ళు పైగా ఫైళ్ళు చూసి రిటైరై, ఇప్పుడు లాస్‌పేటలో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. పొడిగింపు అడిగిన ఫైల్లో కారణం రాసి ఉండాలి. మనిషికి ఇష్టమై అడుగుతున్నాడా, పనికి అవసరమై అడుగుతున్నాడా అన్నది చూడాలి. "లోపల్నుంచి పిలుపు" అనేదానికి వోచరు ఉండదు.

ఈ సమస్య మా ఒంగోలుకి కొత్త కాదు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారు. ఏళ్ళు గడిచినా మతం మారినవాళ్ళు కొద్దిమందే. మూసేద్దామని 1853లో ఒకసారి, 1862లో మరోసారి అమెరికాలో చర్చ జరిగింది. రెండోసారి, ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్ళిన లైమన్ జ్యూయెట్ ఒప్పుకోలేదు. మీరు పంపకపోయినా నేను వెళతానన్నాడు. 1865లో తిరిగొచ్చాడు, వెంట జాన్ క్లౌ అనే యువకుడు. 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. చూశారా, దేవుడి పిలుపు ఎంత నిజమో అని భక్తులు ఈ కథ చెబుతారు.

కానీ మధ్యలో 1876-78 కరువు ఉంది. క్లౌకి సర్వే పని తెలుసు. బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. వాళ్ళలో చాలామంది మాదిగలు. ఆ కాలవే పెదగంజాం నుంచి మా పుదుచ్చేరికి ఎగువన మరక్కాణం దాకా వస్తుంది. కూలి డబ్బు ఇస్తున్నన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఈ నిజాయితీని నేను మెచ్చుకుంటాను. అయినా ఆకలి రోజుల్లో కూలి ఇచ్చిన చేతిని, అంటరానివాడనకుండా పలకరించిన మనిషిని జనం మరిచిపోతారా? నదిలోకి దింపింది అదే. అందులో మహిమ ఏముంది?

ఇంకో మాట. జ్యూయెట్ మొండితనం ఫలించింది కాబట్టి మనకి అతని కథ తెలిసింది. అదే పిలుపు విని, ఉండిపోయి, జ్వరాలతో పోయినవాళ్ళూ ఎందరో ఉన్నారు. వాళ్ళ కథ ఎవరూ చెప్పరు. తగిలిన లాటరీ టిక్కెట్టు చూపించి లాటరీ మంచిదనడం లాంటిదే ఇది.

మా అక్కకి కూడా ఒక ప్రశ్న వేశాను. మన ఊళ్ళో మిషనరీలు బడి పెడితే ప్రలోభం అన్నావు. ఆఫ్రికాలో మన ఆశ్రమం బడి పెట్టి పిల్లలచేత శ్లోకాలు చెప్పిస్తే సేవ అని స్వీట్లు పంచావు. రెండిటికీ ఒకే కొలత ఉండొద్దా? అక్క ఫోన్ పెట్టేసింది. రెండ్రోజులకి మళ్ళీ చేసిందనుకోండి.

మేనల్లుడికి మాత్రం నాలుగు ప్రశ్నలు రాశాను. ఒకటి, శ్లోకాలు తీసేస్తే ఆ బడి నడుస్తుందా? రెండు, నీ విమానం టిక్కెట్టుకీ తిండికీ అయ్యే ఖర్చుతో ఆ ఊరి టీచర్నే ఎన్ని నెలలు పెట్టుకోవచ్చు? మూడు, నీ తర్వాత లెక్కలు చెప్పేవాణ్ణి తయారు చేశారా? నాలుగు, నీ పాస్‌పోర్టు ఎక్కడుంది?

నాలుగోదానికి జవాబు వెంటనే వచ్చింది. "ఆఫీసు బీరువాలో, భద్రంగా." నాకు ఒళ్ళు మండింది. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వపు ఆస్తి. ఎంత పుణ్యసంస్థ అయినా దాన్ని తాళం వేసి ఉంచుకునే హక్కు లేదు. ముందు అది తీసుకుని జేబులో పెట్టుకో, ఆ తర్వాతే పొడిగింపు సంగతి మాట్లాడు అని రాశాను. వెళ్ళిపోగలిగే స్థితిలో ఉన్నవాడు ఉంటానంటేనే అది నిర్ణయం అవుతుంది.

సేవ వద్దని హేతువాదులు అనరు. విజయవాడ నాస్తిక కేంద్రం ఎన్నో ఏళ్ళుగా సేవ చేస్తూనే ఉంది. హేమలతా లవణం స్టువార్టుపురంలోనూ, నిజామాబాదు జోగినీల మధ్యా పనిచేశారు. ఏ దేవుడూ పిలిచి వాళ్ళు వెళ్ళలేదు, కష్టంలో ఉన్న మనుషుల్ని చూసి వెళ్ళారు.

నా అభిప్రాయం ఇది. పొడిగించడానికి కారణం పిల్లల పరీక్షలైతే, పరీక్షల తేదీ దాకా ఉండు. కొత్త టీచరు తయారవడమైతే, దానికో తేదీ రాయి. తేదీ రాయలేని కారణమైతే తిరిగి వచ్చెయ్.

పాస్‌పోర్టు చేతికి వచ్చిందని నిన్న మెసేజ్ పెట్టాడు. మూడో ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు. ఎదురు చూస్తున్నాను.