తూటాకీ ఒక చిరునామా ఉంటుంది

స్త్రీల మీద హింస గురించి మనం ఎంత రాసినా, మన రాతల్లో తూటా ప్రతీకగానే మిగిలిపోతోంది. దాన్ని ఎవరు చేశారు, ఎవరికి అమ్మారు, ఎవరి గోదాంలోంచి బయటికొచ్చింది అనేవి సాంకేతిక విషయాలని పక్కన పెట్టేస్తాం. నేను చదువుకున్నది సాహిత్యమే. అయినా అంటాను, అసలు రాజకీయమంతా ఆ ప్రశ్నల్లోనే ఉంది.

చిన్న ఆయుధాల ఆచూకీ తీయడానికి 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఒక అంతర్జాతీయ పత్రాన్ని ఆమోదించింది. ప్రతి తుపాకీ మీదా తయారీదారు, దేశం, క్రమసంఖ్య తెలియాలి. తయారీ రికార్డులు కనీసం 30 ఏళ్లు ఉంచాలి. అయితే చట్టరీత్యా అది ఏ దేశాన్నీ కట్టిపడెయ్యదు. పైగా తూటాలను అందులో చేర్చనే లేదు. హంతకుడు తుపాకీ పట్టుకుపోతాడు. శవం పక్కన మిగిలేది ఖాళీ షెల్. మిగిలే సాక్ష్యాన్నే లెక్కలోంచి తీసేశారన్నమాట!

తూటాలు కోట్లలో తయారవుతాయి, ఎలా కుదురుతుందంటారు. బ్రెజిల్‌లో కుదిరింది. ప్రభుత్వ బలగాలకు అమ్మే తూటాల మీద లాట్ నంబరు ఉండాలని 2003లోనే అక్కడ చట్టం చేశారు. 2018 మార్చి 14న రియోలో నల్లజాతి స్త్రీవాది, నగర కౌన్సిలర్ మరియెల్ ఫ్రాంకోనీ, ఆమె డ్రైవర్ ఆండర్సన్ గోమెస్‌నీ కాల్చి చంపారు. అక్కడ దొరికిన షెల్స్ 2006లో ఫెడరల్ పోలీసులకు అమ్మిన లాట్‌వి. ఆ లాట్‌లో లక్షల తూటాలున్నాయి కనుక నంబరొక్కటే హంతకుల్ని పట్టివ్వలేదు. కానీ రాజ్యం కొన్న తూటా హంతకుల చేతికెలా చేరిందన్న ప్రశ్నని ఎవరూ దాటెయ్యలేకపోయారు. 2024లో శిక్షపడిన ఇద్దరూ మాజీ పోలీసులే.

ఆచూకీ తీస్తూ పోతే దారి తమ గుమ్మం ముందుకే వస్తుందని ప్రభుత్వాలకు తెలుసు. అందుకే 2023లో మందుగుండు నిర్వహణకి ఐరాస తెచ్చిన ప్రపంచ చట్రాన్ని కూడా స్వచ్ఛందంగానే ఉంచారు.

ఇది మనకి దూరపు కథేమీ కాదు. 2015లో కల్బుర్గినీ, 2017లో గౌరి లంకేశ్‌నీ చంపింది ఒకే 7.65 ఎం.ఎం. నాటు పిస్తోలని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. నాటు పిస్తోలుకి క్రమసంఖ్య ఉండదు. అక్కడ సాక్ష్యం చెప్పింది తూటాలూ షెల్సే.

సంతాప సభల్లో కవితలు చదువుదాం. ఆ తూటా ఎవరి లెక్కలోదో కూడా అడుగుదాం. జవాబు చెప్పడం ప్రభుత్వాల దయ మీద ఆధారపడినంత కాలం, మన దుఃఖం వాళ్లకి ఏ ఇబ్బందీ పెట్టదు.